హలాలే సరే, కీమత్ సంగతేమిటి?



ఈ మధ్య మన ఇళ్లలో షేర్ల మాట బాగా వినబడుతోంది. ఒకప్పుడు పెద్దవాళ్లు "అదంతా సట్టా, మనకెందుకు బేటా" అని ఒక్క ముక్కలో కొట్టిపారేసేవారు. ఇప్పుడు పిల్లలు ఫోన్‌లో యాప్ తెరిచి, కంపెనీ పేరు కొట్టి, పక్కన ఆకుపచ్చ గుర్తు కనబడగానే "మామూ, ఇది హలాలేనట, కొనెయ్యనా?" అని అడుగుతున్నారు. మా ఖాందాన్‌లో లెక్కాపత్రం చూసేది నేనే కాబట్టి ఈ ప్రశ్న తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది. హలాలా, హరామా అని ముందు ఆలోచించడం చాలా సంతోషం. కానీ ఆ తర్వాత అడగాల్సిన రెండో ప్రశ్న ఎవరూ అడగడం లేదు. ఈ ధరకు కొనొచ్చా?

హలాల్ గుర్తు మనకు చెప్పేది రెండు మూడు విషయాలే. ఆ కంపెనీ వ్యాపారం సారా, జూదం, వడ్డీ లాంటిది కాదని, దాని అప్పులు, వడ్డీ ఆదాయం ఒక హద్దు దాటలేదని. అంతే. షేరు ధర సబబుగా ఉందా అన్నది ఆ గుర్తు పని కాదు. కసాయి దుకాణంలో మటన్ హలాల్ అయినంత మాత్రాన కిలోకి మూడింతలు అడిగితే ఇస్తామా? "భాయ్, కీమత్ ఏంటిది?" అని నిలదీస్తాం. కిలో మటన్ దగ్గర అడిగే మాట, లక్షల రూపాయల దగ్గర ఎందుకు అడగం?

ఇంకో సంగతి చాలామంది గమనించరు. అప్పు హద్దును కొన్ని ప్రమాణాలు కంపెనీ మొత్తం ఆస్తితో పోల్చి చూస్తాయి, కొన్ని దాని మార్కెట్ విలువతో పోల్చి చూస్తాయి. ఈ రెండో పద్ధతిలో ఒక చిక్కు ఉంది. షేరు ధర పెరిగేకొద్దీ మార్కెట్ విలువ పెరుగుతుంది, అప్పు ఒక్క రూపాయి తగ్గకపోయినా దాని వాటా తగ్గినట్టు కనబడుతుంది. అంటే షేరు ఎంత మహెంగా అయితే పరీక్ష పాసవడం అంత తేలిక. అందుకే డౌ జోన్స్ ఇస్లామిక్ సూచీ ఒక్కరోజు మార్కెట్ విలువను కాకుండా 24 నెలల సగటును తీసుకుంటుంది. ఎస్ అండ్ పీ షరియా సూచీలు 36 నెలల సగటు తీసుకుంటాయి. సగటు చూస్తేనే అసలు సంగతి తెలుస్తుందని వాళ్లకూ తెలుసు. నేను అంటున్నది, అదే ఇన్సాఫ్ కంపెనీ మునాఫాకు కూడా చేయమని.

మనకు ఈ విషయం మిగతావాళ్లకంటే ఎక్కువ ముఖ్యం. వడ్డీ వద్దనుకున్న ఇంటికి ఫిక్స్‌డ్ డిపాజిట్ అనే ఆసరా లేదు. మిగిలేవి బంగారం, స్థలం, వ్యాపారం, షేర్లు. కడప నుంచో, కరీంనగర్ నుంచో గల్ఫ్ వెళ్లి ఎండలో ఒళ్లు కరిగించుకుని కూడబెట్టిన పైసా అది. బేటీ షాదీకో, అమ్మీ అబ్బాల హజ్‌కో దాచుకున్నది. ఆ డబ్బుతో షేరును కొనకూడని ధరకు కొంటే, కంపెనీ ఎంత పాక్ సాఫ్‌గా ఉన్నా నుక్సాన్ మనదే. హలాల్ అనే ఒక్క మాట విని, లెక్కలు అడగకుండా డబ్బు పెట్టినవాళ్లకు ఏం జరిగిందో హైదరాబాద్‌లో, బెంగళూరులో మనం చూశాం. అవి మోసపు స్కీములు, ఇవి చట్టబద్ధమైన కంపెనీలు. తేడా ఉంది. కానీ లెక్క అడగకపోవడమనే ఆదత్ మాత్రం ఒకటే.

అసలు ధర సబబో కాదో ఎలా తెలుసుకోవాలి? ఎక్కువమంది చూసేది పీఈ. షేరు ధరను, ఏడాదిలో ఒక్కో షేరుకు వచ్చిన మునాఫాతో భాగిస్తే వచ్చే అంకె. షేరు 400, మునాఫా 40 అయితే పీఈ 10. అంకె తక్కువుంటే చవక, ఎక్కువుంటే మహెంగా అని లెక్క. వినడానికి బాగానే ఉంది. తంటా అంతా "ఏడాది" అన్న మాటలో ఉంది. ఏ ఏడాది?

మామిడి తోటల బేరం తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక ఏడు చెట్టు విరగకాస్తుంది, మరుసటేడు మొహం చాటేస్తుంది. నిరుడు విరగకాసింది కదా అని ఆ ఒక్క కాపునే లెక్కగట్టి బంగినపల్లి తోటను ఎవరైనా కొంటారా? నాలుగైదేళ్ల కాపు అడుగుతారు, గాలివాన ఏడాది ఎంత వచ్చిందో అడుగుతారు, అప్పుడు సగటు మీద మాట్లాడతారు. స్టీలు, సిమెంటు, చక్కెర కంపెనీలు కూడా ఈ మామిడి చెట్లలాంటివే.

ఈ తోట బేరగాడి అక్లే 1934లో బెంజమిన్ గ్రాహం, డేవిడ్ డాడ్ అనే ఇద్దరు అమెరికా ప్రొఫెసర్లు తమ పుస్తకంలో రాశారు. ఒక్క ఏడాది మునాఫా చూడొద్దు, కనీసం ఐదేళ్లు, కుదిరితే ఏడు లేదా పదేళ్ల సగటు చూడండి అన్నారు. 1929 మార్కెట్ పతనంలో కుటుంబాలకు కుటుంబాలే చితికిపోవడం కళ్లారా చూసినవాళ్లు వాళ్లు. తర్వాత 1988లో జాన్ క్యాంప్‌బెల్, రాబర్ట్ షిల్లర్ ఈ పద్ధతిలోకి మెహెంగాయిని కూడా తెచ్చారు. పదేళ్ల కిందటి రూపాయి, ఇప్పటి రూపాయి ఒకటి కావు కదా. మన దగ్గరే ప్రభుత్వ ధరల సూచీ ప్రకారం 2013-14లో 100 రూపాయలకు వచ్చిన సామాను 2023-24లో కొనాలంటే 160 పైచిలుకు కావాలి. కాబట్టి పాత మునాఫాలన్నిటినీ నేటి రూపాయిల్లోకి మార్చి, అప్పుడు పదేళ్ల సగటు తీసి, దాంతో ధరను భాగించాలి. దీన్నే కేప్ అంటారు. షిల్లర్‌కు 2013లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక లెక్క చేసి చూద్దాం. ఇది ఊహించుకున్న కంపెనీ. గడిచిన పదేళ్లలో షేరుకు వచ్చిన మునాఫా వరసగా 10, 12, 4, తర్వాత 2 రూపాయల నష్టం, ఆపైన 6, 14, 16, 5, 15, చివరి ఏడాది 40. షేరు ధర 400. చివరి ఏడాదితో లెక్కేస్తే పీఈ 10. "వాహ్, ఎంత చవక!" అంటారు. ఇప్పుడు మెహెంగాయి ఏటా నూటికి 5 అనుకుని పాతవాటిని నేటి రూపాయిల్లోకి మారుద్దాం. మొదటి ఏడాది 10 రూపాయలు 15న్నర అవుతుంది, రెండో ఏడాది 12 సుమారు 17.70 అవుతుంది. నష్టం కూడా 2 నుంచి 2.70కి పెరుగుతుంది. అన్నీ మార్చి, నష్టాన్ని తీసేసి కూడితే సుమారు 140. సగటు 14. ధర 400ను 14తో భాగిస్తే 28 దాటుతుంది. పీఈ 10 అనుకున్నది 28 తేలింది.

ఇంటి కిరాయి భాషలో చెబుతాను. 40 లక్షలు పెట్టి ఇల్లు కొంటే ఏడాదికి 4 లక్షలు కిరాయి వస్తుందని దలాల్ చెప్పాడు. తీరా చూస్తే అది పోయిన ఒక్క ఏడాది సంగతి. పదేళ్ల సగటు తీస్తే ఏడాదికి లక్షా నలభై వేలే. ఇల్లు అదే, గోడలు అవే. కానీ 40 లక్షలు ఇస్తారా?

నిజమైన కంపెనీ సంగతి చూద్దాం. టాటా స్టీల్‌కు 2021-22లో మొత్తం 41 వేల కోట్లకు పైగా మునాఫా వచ్చింది. ఆ మార్చి చివర షేరు 1,300 ప్రాంతంలో ఉంది, పీఈ 4 దగ్గర. అప్పుడు చూసినవాళ్లకు ముఫ్త్‌గా దొరుకుతున్నట్టే ఉంది. మరుసటి ఏడాది మునాఫా 8 వేల కోట్ల చిల్లరకు దిగింది. 2023-24లో 4,900 కోట్ల పైన నష్టం. స్టీలు ధరలు ప్రపంచమంతటా ఎక్కి దిగుతుంటాయి, దాంట్లో కంపెనీ తప్పేమీ లేదు. షేరు ధర మాత్రం మునాఫా పడినంతగా పడలేదు. ఎందుకంటే పెద్ద కొనుగోలుదార్లు ఆ ఒక్క ఏడాది మునాఫాను ముందే నమ్మలేదు. పీఈ 4 అంటే చవక అని కాదు, "ఈ కాపు మళ్లీ రాదు" అని మార్కెట్ అనుకుంటోందని అర్థం. ఈ కంపెనీ ఏ హలాల్ జాబితాలో ఉంది, ఏ జాబితాలో లేదు అన్నది వేరే చర్చ. లెక్క అర్థం కావడానికే చెప్పాను.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. 2009లో అమెరికాలో కంపెనీల మునాఫాలు ఎంత కుప్పకూలాయంటే, షేర్లు సగానికి పైగా పడినా ఎస్ అండ్ పీ 500 సూచీ పీఈ 100 దాటిపోయింది. ఆ అంకె చూసినవాడు "అమ్మో, మహెంగా" అని దూరం జరుగుతాడు. పదేళ్ల లెక్క ఆ మార్చిలో 13 దగ్గర ఉంది, వందేళ్లకు పైబడిన సగటు 17 ప్రాంతం కంటే తక్కువ. ఏది నిజం చెప్పిందో తర్వాతి ఏళ్లు చూపించాయి. మన నిఫ్టీ పీఈ కూడా కోవిడ్ దెబ్బకు 2021 మొదట్లో 40 దాటింది. ఆ మార్చి చివర ఎన్‌ఎస్‌ఈ, అనుబంధ కంపెనీల మునాఫాను కూడా కలిపి లెక్కించడం మొదలుపెట్టగానే అదే పీఈ ఉన్నపళంగా 33 దగ్గరకు దిగింది. కంపెనీలు మారలేదు, లెక్క మారింది. ఫోన్‌లో కనబడే ఆ ఒక్క అంకెను పట్టుకుని ఇంటి డబ్బు పెట్టొద్దని నేననేది ఇందుకే.

ఈ పద్ధతికి లోపాలు లేవా? ఉన్నాయి, దాచను. ఇది రేపు మార్కెట్ పడుతుందా లేస్తుందా అని చెప్పే జాతకం కాదు. 1996 డిసెంబర్‌లో షిల్లర్, క్యాంప్‌బెల్ అమెరికా ఫెడరల్ రిజర్వ్ ముందు షేర్లు మరీ మహెంగా ఉన్నాయని చెప్పారు. ఆ తర్వాత కూడా మార్కెట్ మూడేళ్లకు పైగా పెరుగుతూనే పోయింది. 1999 చివరికి కేప్ 44కు చేరింది, 1929లో కూడా అంత లేదు. ఆపైన పతనం మొదలై 2002 నాటికి ఎస్ అండ్ పీ సూచీ దాదాపు సగమైంది. 2000లో శిఖరం మీద నాస్‌డాక్ కొన్నవాళ్లకు ఆ పాత స్థాయి మళ్లీ కనబడింది 2015లో. పదిహేనేళ్లు! బేటీ షాదీ పదిహేనేళ్లు ఆగుతుందా?

జెరెమీ సీగెల్ లాంటి ప్రొఫెసర్లు ఇంకో అభ్యంతరం చెబుతారు. అకౌంటింగ్ నియమాలు మారి నష్టాలు పూర్వంకంటే పెద్దగా కనబడుతున్నాయి, అందువల్ల సగటు తగ్గి కేప్ ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతోందని. దాంట్లో న్యాయం ఉంది. అమెరికా మార్కెట్ 1990ల నుంచి ఎక్కువ కాలం పాత సగటుకు పైనే ఉంది. సగటుకు దిగాకే కొంటానని కూర్చున్నవాడు చాలా పోగొట్టుకున్నాడు. ఒక్కో కంపెనీకి ఈ లెక్క వేసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. వేగంగా పెరుగుతున్న కంపెనీకి పదేళ్ల సగటు ఎప్పుడూ తక్కువే వస్తుంది కాబట్టి అది ఎప్పుడూ మహెంగానే కనబడుతుంది. దాన్ని స్టీలు కంపెనీతో కాదు, దాని సొంత గతంతో, అదే వ్యాపారంలో ఉన్నవాటితో పోల్చాలి. బోనస్, స్ప్లిట్ జరిగితే పాత అంకెల్ని సరిచేసుకోవాలి. స్థలం అమ్మితే వచ్చిన ఒక్కసారి లాభాన్ని పక్కన పెట్టి చూడాలి.

"మరి పదేళ్ల చరిత్రే లేని కంపెనీని ఏం చేయాలి?" అని అడుగుతారు. నా రాయ్ ఒకటే. అది మంచి కంపెనీ కావచ్చు. కానీ షాదీ డబ్బుకు, హజ్ డబ్బుకు అది చోటు కాదు. తిజారత్‌లో సొంత డబ్బు పందెం కాయగలిగినవాళ్లు చూసుకుంటారు.

ఈ హిసాబ్‌కి పెద్ద చదువు అక్కర్లేదు. కంపెనీ వార్షిక నివేదికలు దాని సైట్లోనే ఉంటాయి. ఒక్కో షేరుకు మునాఫా, అంటే ఈపీఎస్, పదేళ్లది ఒక నోట్‌బుక్‌లో రాయండి. ప్రభుత్వ గణాంకాల శాఖ ఇచ్చే ధరల సూచీతో పాతవాటిని నేటి విలువలోకి మార్చండి. కూడి, పదితో భాగించి, ఆ సగటుతో ధరను భాగించండి. పదో తరగతి చదివే పిల్ల చేత చేయించండి, దానికీ లెక్కలొస్తాయి, ఇంట్లో ఆడవాళ్లకూ డబ్బు ఎక్కడికి పోతోందో తెలుస్తుంది. మార్కెట్ మొత్తం సంగతి కావాలంటే అహ్మదాబాద్ ఐఐఎం పరిశోధకులు భారత మార్కెట్‌కు కేప్ కట్టి ప్రచురిస్తున్నారు.

పదేళ్ల సగటు వేశాక పీఈకి, కేప్‌కి మధ్య పెద్ద తేడా తేలితే ఆగండి. ఆ చివరి ఏడాది ఎందుకంత బాగుందో, మళ్లీ వస్తుందో రాదో కనుక్కోండి. జవాబు దొరక్కపోతే వదిలేయండి, బజార్లో ఇంకా బోలెడు కంపెనీలున్నాయి. వస్తువు చూసి, ధర చూసి కొనేది తిజారత్. ధర చూడకుండా, నాకంటే ఎక్కువకు ఇంకొకడు కొంటాడులే అని కొనేది, గుర్తు ఆకుపచ్చగా ఉన్నా సరే, నా దృష్టిలో పెద్దవాళ్లు తిట్టిన ఆ సట్టాయే.

అల్లాహ్ మన కమాయీలో బర్కత్ ఇవ్వాలని దుఆ. వస్సలాం.