ప్రణాళికలో లేని పౌరుడు

2022 మే 1. ప్రపంచమంతటా శ్రామికుల దినం. ఆ ఉదయం చండీగఢ్ పారిశ్రామిక ప్రాంతంలోని నాలుగో నంబరు కాలనీపైకి బుల్‌డోజర్లు కదిలాయి. దశాబ్దాలుగా అక్కడ కాపురముంటున్న దినకూలీలు, ఇళ్ళల్లో పనిచేసే మహిళలు, చిరువ్యాపారుల గుడిసెలు ఒక్కరోజులో నేలమట్టమయ్యాయి. అంతకుముందు 2013 నవంబరులో ఐదో నంబరు కాలనీకీ ఇదే గతి పట్టింది. కూల్చివేతకు అధికారులు మే దినాన్నే ఎంచుకోవడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని స్వతంత్ర భారతం ఎంతో గర్వంగా గీత గీసి, కొలత వేసి కట్టుకున్న నగరంలో శ్రామికుడికి నిలువ నీడ కరవవడాన్ని మాత్రం యాదృచ్ఛికమని సరిపెట్టుకోలేము. ఆ లోపం నగరపటంలోనే ఉంది.

దేశ విభజనలో లాహోర్ పాకిస్తాన్‌కు పోవడంతో తూర్పు పంజాబు రాజధాని లేని రాష్ట్రమైంది. శివాలిక్ కొండల పాదాన కొత్త నగరం నిర్మించ తలపెట్టినప్పుడు తొలి ప్రణాళిక రూపొందించినవారు అమెరికన్ నిపుణుడు ఆల్బర్ట్ మేయర్. ఆయన సహచరుడు మాథ్యూ నొవిట్‌స్కీ 1950లో విమాన ప్రమాదంలో మరణించిన పిమ్మట ఆ బాధ్యత ఫ్రాన్స్‌లో స్థిరపడిన వాస్తుశిల్పి లె కార్బూజియెకు దక్కింది. 800 మీటర్ల వెడల్పు, 1200 మీటర్ల పొడవు గల సెక్టార్లుగా ఆయన నగరాన్ని విభజించారు. ప్రతి సెక్టారులోనూ బడి, అంగళ్ళు, పచ్చిక మైదానం ఉండాలన్నారు. వేగంగా పోయే వాహనాలు సెక్టారు వెలుపలి రహదారులకే పరిమితం కావాలన్నారు. నెహ్రూ ఆశీస్సులు ఆ ప్రయత్నానికి ఆద్యంతం లభించాయి.

నిష్పాక్షికంగా చూస్తే చండీగఢ్ సాధించినది స్వల్పమేమీ కాదు. శాసనసభ, హైకోర్టు, సచివాలయం కొలువుదీరిన ప్రాంగణం 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఆ కాంక్రీటు సౌధాలకు దక్కిన కీర్తిలో పదో వంతైనా నోచుకోని ప్రభుత్వోద్యోగుల ఇళ్ళే వాస్తవానికి ఆ నగరపు అసలు ఘనత. పియరె జన్నెరె, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ, వారితో కలిసి పనిచేసిన యువ భారతీయ వాస్తుశిల్పులు స్థానికంగా దొరికే ఇటుకతోనే వాటిని రూపొందించారు. ఎండను అడ్డుకునే సజ్జాలు, గాలినిచ్చే జాలీ గోడలు, వేసవి రాత్రులు నిద్రించేందుకు డాబాలు అమర్చారు. అందరిలో చిన్న ఉద్యోగి అయిన బంట్రోతుకు సైతం రెండు గదులు, నీటి కుళాయి, మరుగుదొడ్డి సమకూరాయి. 1950ల నాటి భారతదేశంలో అది చిన్న విషయం కాదు. అద్దాల మేడలు లేపి, వాటిని చల్లబరచడానికి కరెంటును మంచినీళ్ళలా ఖర్చుపెట్టిస్తున్న నేటి బిల్డర్లు ఒకసారి ఆ నగరపు 22వ సెక్టారులో నడిచి వస్తే బాగుంటుంది.

అసలు చిక్కు ఈ ఇళ్ళ లెక్కలోనే ఉన్నది. ముఖ్యమంత్రి మొదలు బంట్రోతు వరకు పదమూడు తరగతులుగా ఇళ్ళను వర్గీకరించారు. జీతాన్ని బట్టి ఇల్లు. మరి నెలజీతమే లేనివాడి మాటేమిటి? ఇటుకలు మోసినవారు, కాంక్రీటు కలిపినవారు, రాయి కొట్టినవారు సర్కారీ ఉద్యోగులు కారు, కాంట్రాక్టరు మనుషులు. పని ఉన్నంతకాలం తాత్కాలికంగా గుడిసెలు వేసుకుంటారని, అది ముగియగానే వెళ్ళిపోతారని ప్రణాళికాకర్తలు భావించారు. పని ముగియలేదు, వారూ వెళ్ళలేదు. మొదటి దశలో లక్షన్నర, అంతిమంగా ఐదు లక్షల జనాభాకు ఉద్దేశించిన నగరం 2011 జనాభా లెక్కల నాటికే పదిన్నర లక్షలు దాటింది. ప్రతి సెక్టారుకూ తోటమాలి, చాకలి, వంటమనిషి, కూరగాయల బండివాడు అవసరమయ్యారు. వారి సేవలు కావాలి, వారి నివాసం మాత్రం కానరాకూడదు. ఈ వైరుధ్యాన్ని మధు సరీన్ 1982లో వెలువరించిన గ్రంథంలో సవివరంగా చర్చించారు. ప్రణాళికకు వెలుపల వెలసిన వాడలు ప్రణాళిక వైఫల్యమనడం కంటే, ప్రణాళిక విస్మరించిన జనానికి మిగిలిన ఏకైక మార్గమనడం సమంజసం.

నగర ప్రణాళిక తన వెలుపల పుట్టినదాన్ని అక్కున చేర్చుకున్న సందర్భం లేకపోలేదు. రోడ్ల తనిఖీ ఉద్యోగి నేక్‌చంద్ 1950ల చివర నుంచి పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, శిథిలాల రాళ్ళు ఏరి తెచ్చి, అనుమతి లేని అటవీ స్థలంలో రహస్యంగా బొమ్మలు పేర్చారు. అధికారుల కంటబడినప్పుడు అవి కూల్చివేతకు గురికావలసినవే. ప్రజలు ముచ్చటపడటంతో 1976లో దానినే రాక్ గార్డెన్‌గా ప్రారంభించారు. నేడు చండీగఢ్ వెళ్ళిన యాత్రికుడు చూడకుండా తిరిగిరాని చోటు అది. ఆ పక్కనే ఉన్న సుఖ్నా సరస్సును 2020లో పంజాబ్, హర్యానా హైకోర్టు హక్కులు గల జీవిగా ప్రకటించింది. పర్యావరణ దృష్టితో అది హర్షణీయమే. రాళ్ళ బొమ్మలకు, నీటికి దొరికిన ఆ ఔదార్యం నాలుగో నంబరు కాలనీ వాసులకు దొరకలేదన్నదే విచారకరం.

2023 జనవరి 10న సుప్రీంకోర్టు చండీగఢ్‌పై కీలకమైన తీర్పు వెలువరించింది. మొదటి దశ సెక్టార్లలో ఒక కుటుంబం కోసం కట్టిన ఇళ్ళను అంతస్తులవారీగా అపార్టుమెంట్లుగా మార్చరాదన్నది. పట్టణాభివృద్ధికి అనుమతులిచ్చే ముందు పర్యావరణ ప్రభావాన్ని మదింపు చేసే విధానం తేవాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు హితవు పలికింది. వారసత్వాన్ని కాపాడాలన్న ధర్మాసనం ఉద్దేశం నిర్వివాదం. అయితే విశాలమైన ఉత్తర సెక్టార్లు పలుచగా, తోటల నడుమ, ఉన్నవి ఉన్నట్లే నిలిచిపోతే పెరిగే జనభారం ఎవరిపై పడుతుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఈ సెక్టార్లలో జనసాంద్రత పెంపు విషయాన్ని పరిశీలించే బాధ్యతను వారసత్వ కమిటీకి న్యాయస్థానమే అప్పగించింది. ఆ పరిశీలనలో బంగళా యజమానుల వాదనతోపాటు వారి వంటమనుషుల వసతి ప్రస్తావన కూడా రావాలి.

సరిహద్దుకు అవతల కథ భిన్నంగా లేదు. గ్రీకు ప్రణాళికాకర్త డాక్సియాడిస్ గళ్ళు గీసి నిర్మించిన ఇస్లామాబాద్‌లో ఐ-11 సెక్టారులోని మట్టి ఇళ్ళ బస్తీని 2015 జూలైలో కూల్చివేశారు.

దీనికి ప్రత్యామ్నాయం లేదా? ఉన్నది. మన దేశంలోనే, మన వాస్తుశిల్పి చేతిలోనే రూపుదిద్దుకున్నది. లె కార్బూజియె వద్ద పనిచేసి, 2018లో ప్రిట్జ్‌కర్ పురస్కారం అందుకున్న తొలి భారతీయుడు బాలకృష్ణ దోషీ. ఇండోర్ అభివృద్ధి సంస్థ కోసం 1980లలో ఆయన అరణ్య కాలనీని రూపొందించారు. సుమారు 85 హెక్టార్లలో 6,500 వరకు స్థలాలు, వాటిలో అత్యధిక భాగం నిరుపేదలకు. 35 చదరపు మీటర్ల జాగాలో పునాది, కుళాయి, మరుగుదొడ్డి, ఒక చిన్న గది. దోషీ అక్కడితో ఆగారు. తక్కినది ఇంటివాడి వంతు. చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు రెండో గది, కొడుకు పెళ్ళినాటికి మేడ, వీధివైపు ఒక కిరాణా కొట్టు. ఇల్లు కుటుంబంతోపాటు పెరుగుతుంది. ఇరుకు వీధులే ఒక ఇంటి నీడను మరో ఇంటిపై పరుస్తాయి. స్థలాలు అమ్ముకొని వెళ్ళిపోయినవారున్నారని, పేదల చోటుకు కొంత మేర మధ్యతరగతి వచ్చి చేరిందని విమర్శలు లేకపోలేదు. అయినా 1995లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం పొందిన ఆ ప్రయోగం చాటిన సత్యం చెక్కుచెదరలేదు. పేదవాడికి ఇల్లు కట్టివ్వలేని ప్రభుత్వం సైతం నేల, నీరు, మురుగు కాలువ ఇవ్వగలదు. గుడిసె వెలిశాక కూల్చడం కంటే వెలియకముందే ఆ మూడూ ఇవ్వడం చవక.

చండీగఢ్ పాలకులు కూడా కొంత నేర్చుకోకపోలేదు. 2006 నాటి చిన్న ఫ్లాట్ల పథకం కింద అర్హులైన మురికివాడ వాసులకు పునరావాసం కల్పించారు. మలోయాలో ఖాళీగా ఉన్న 2,195 ఫ్లాట్లను 2020లో కేంద్రం ప్రకటించిన అద్దె గృహ పథకం కిందికి తెచ్చారు. కూలీ సొంత ఇంటికై ఎదురుచూడనక్కరలేకుండా అద్దె ఇల్లు చూపడం మేలైన ఆలోచన. పని దొరికే చోటికీ పడుకునే చోటికీ మధ్య దూరం బస్సు ఛార్జీలకే కూలిని మింగేయకుండా చూడటం అంతకంటే ముఖ్యం.

ఈ చర్చ తెలుగువారికి కేవలం విజ్ఞాన విషయం కాదు. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగి, 2019లో నిలిచిపోయి, 2025 మే 2న పనులు పునఃప్రారంభమైన అమరావతిలోనూ అదే కథ మొదటి అధ్యాయంలో ఉన్నది. శాసనసభ, హైకోర్టు భవనాల ఆకృతులపై జరిగినంత చర్చ వాటిని కట్టే కూలీల నివాసంపై జరగలేదు. 2023లో దాదాపు యాభై వేల మందికి రాజధాని ప్రాంతంలో ఇళ్ళపట్టాలిచ్చినప్పుడు అది రాజకీయ వివాదమై, నిర్మాణాలపై హైకోర్టు స్టే విధించేవరకు వెళ్ళింది. ఆ వివాదంలో ఎవరి వాదన న్యాయమైనదన్నది అటుంచితే, 2014 నాటి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టంలోని 53వ సెక్షన్ మాత్రం స్పష్టంగానే ఉన్నది. సమీకరించిన భూమిలో కనీసం ఐదు శాతం పేదల గృహనిర్మాణానికి కేటాయించాలి. ఆ ఐదు శాతం నేల నగరానికి ఏ మూలన ఉన్నది, పని జరిగే చోటికి ఎంత దూరం, అక్కడికి నీటి గొట్టం ఎప్పుడు చేరుతుంది అన్న వివరాలను ప్రభుత్వం పటంపై గుర్తించి ప్రజల ముందుంచాలి. శాసనసభ శిఖరం పైకి లేవకముందే ఆ పని జరగాలి.