మైలేజీ కోసం కారుకు అట్టలు బిగించాలా?

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చాక మన ఇళ్లలో మైలేజీ లెక్కలు మళ్లీ మొదలయ్యాయి. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. కాబట్టి మైలేజీ తగ్గడం అపోహ కాదు, ఎంత తగ్గుతుందన్నదే పేచీ. పది శాతం మిశ్రమానికి తయారై, ఇరవై శాతానికి సరిచేసిన కార్లలో ఒకటి రెండు శాతం, మిగతా వాటిలో మూడు నుంచి ఆరు శాతం తగ్గవచ్చని 2025 ఆగస్టులో కేంద్రమే చెప్పింది. ఇథనాల్ కలపని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కర్ణాటకలో ఉన్నవాళ్లకు 2024 జూన్‌లోనే అమ్మకం పన్ను పెరిగి లీటరుకు 3 రూపాయల భారం పడింది. యానాం వాళ్ల సంగతి వేరు. పుదుచ్చేరి పన్ను తక్కువ కావడంతో, చుట్టుపక్కల ఆంధ్ర బళ్లే అక్కడికి వచ్చి ట్యాంకు నింపుకుపోతాయి.

ధర మన చేతిలో లేదు, మిశ్రమం మన చేతిలో లేదు. అందుకే కారునే మార్చుకుందామన్న సలహాలకు గిరాకీ పెరిగింది. ముందు గ్రిల్‌కు అట్ట, చక్రాలకు పళ్లేల్లాంటి మూతలు, అడుగున ప్లాస్టిక్ షీటు బిగిస్తే గాలి సాఫీగా జారిపోయి పెట్రోలు మిగులుతుందని వాటి సారాంశం.

సూత్రం తప్పు కాదు. 1970ల్లో అమెరికాలో నాసా ఇంజనీర్లు ఒక వ్యానుకు రేకులు తొడిగి చెప్పుల డబ్బాలా చేసి నడిపారు. తర్వాత దాని ముందు అంచులను గుండ్రం చేస్తే గాలి నిరోధం సగానికి పైగా తగ్గింది. లారీల రూపం మారడానికి ఆ ప్రయోగాలు తోడ్పడ్డాయి. కానీ మొదలుపెట్టింది డబ్బాతో. ఈనాటి కారు అంచులను కంపెనీ ముందే గుండ్రం చేసి పంపుతోంది. మనం అట్టతో సాధించడానికి మిగిలింది కొంచెమే.

ఆ కొంచెం కూడా వేగం ఉంటేనే. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 60 కిలోమీటర్ల వేగం నుంచి 100కు వెళితే అది దాదాపు 2.8 రెట్లవుతుంది. బెంగళూరు సిగ్నళ్ల మధ్య ఇరవైలో పాకే కారుకు ఎన్ని మూతలు పెట్టినా ఒరిగేదేమీ లేదు. అక్కడ పెట్రోలు తాగేది బ్రేకు, ఏసీ, ఆగి ఉన్న ఇంజను.

మన కుటుంబాలకు గాలి లెక్క నిజంగా తగిలేది ఊరి ప్రయాణాల్లో. సోలాపూర్ నుంచి హైదరాబాదుకు సుమారు 300 కిలోమీటర్లు. పెళ్లికో పండక్కో పోతూ పైన క్యారియర్ మీద పెట్టెలు కడతాం. పైన పెట్టే పెద్ద డబ్బా హైవే మీద మైలేజీని 6 నుంచి 17 శాతం దాకా తగ్గించగలదని అమెరికా ప్రభుత్వ ఇంధన సమాచారం. పది శాతమే అనుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండి 13.5 ఇస్తుంది. పోను రాను 600 కిలోమీటర్లకు దాదాపు నాలుగున్నర లీటర్లు అదనం, అంటే 450 రూపాయల పైమాట. పండగ అయిపోయాక కూడా ఖాళీ క్యారియర్‌ను ఏడాదంతా మోసే ఇళ్లు చాలానే ఉంటాయి. అది ఖాళీగా ఉన్నా గాలికి అడ్డమే. నాలుగు నట్లు విప్పితే పోయే ఖర్చు. కారుకు తగిలించేవాటి కంటే తీసేసేవాటి వల్లే మనకు లాభం ఎక్కువ.

గ్రిల్‌కు అట్ట పెట్టడం మాత్రం వద్దే వద్దు. ఆ సలహా చలి దేశాల నుంచి వచ్చింది. గ్రిల్ వెనకే ఏసీ కండెన్సరు, దాని వెనక రేడియేటరు ఉంటాయి. కొన్ని కొత్త కార్లకు కంపెనీయే గ్రిల్ తలుపులు పెడుతోంది, నిజమే. అయితే వేడెక్కగానే అవి వాటంతట అవే తెరుచుకుంటాయి. మన అట్ట తెరుచుకోదు. మే నెలలో బళ్లారి ఎండకు అలాంటి కారు దారిలో నిలిచిపోతే రేడియేటరు పనికే ఏళ్ల పొదుపు కరిగిపోతుంది. సైలెన్సరు గొట్టం పక్కన సొంతంగా ప్లాస్టిక్ షీటు కట్టడం అంతకంటే ప్రమాదం, అంటుకోవచ్చు.

చేయదగ్గ పని ఒకటుంది, దాన్ని ఎవరూ చెప్పరు. చాలా కార్లకు ముందు టైర్ల ఎదుట కిందికి వేలాడే చిన్న పట్టీ ఉంటుంది. గాలి నేరుగా టైరుకు కొట్టకుండా కంపెనీ పెట్టినదది. ఇంజను కింద ప్లాస్టిక్ కవరు కూడా ఉంటుంది. స్పీడ్ బ్రేకరుకు తగిలి ఇవి ఊడితే మెకానిక్ పక్కన పడేస్తాడు, మనమూ అడగం. వాటిని మళ్లీ క్లిప్పులతో బిగించుకుంటే అదే చట్టబద్ధమైన, చవకైన మార్పు.

చట్టం మాట ఎందుకంటే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. తీసి పెట్టుకునే వీల్ క్యాప్‌తో పేచీ రాకపోవచ్చు. బంపరు కోసి తోక అతికిస్తే వస్తుంది. క్రాష్ గార్డులపై చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. అవి గాలికీ అడ్డమే, ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లకూ అడ్డమే.

ఇక వేగం. సోలాపూర్ దారిలో 100కు బదులు 80లో పోతే గాలి నిరోధం మూడో వంతుకు పైగా తగ్గుతుంది. దారంతా అలాగే నడిపినా ఆలస్యం ముప్పావు గంట. ఏ అట్టా అంత ఇవ్వదు.

ఇంత చెప్పినా ఎవరైనా మూతలు బిగించి చూస్తామంటే, ఒక్క ట్యాంకు లెక్క నమ్మవద్దు. బంకులో పంపు ఆగే చోటు అర లీటరు అటూ ఇటూ అయితే పది లీటర్ల మీద అది అయిదు శాతం తేడా. అంటే వెతుకుతున్న లాభం కంటే కొలతలో పొరపాటే పెద్దది. ఒకే బంకు, ఒకే దారి, ఒకే బరువు, టైర్లలో ఒకే గాలి, రెండు దిక్కులా ప్రయాణం. ఇలా మూతలతో నాలుగుసార్లు, మూతలు లేకుండా నాలుగుసార్లు నింపి చూస్తేనే ఏదైనా తేలుతుంది.