ఫిరదౌసి ఒంటెలు, ఒగ్గు గాయకుని బాకీ

గోదావరి ఉత్తరతీరాన, సింగరేణి బొగ్గుగనుల సీమలో ఉన్న నస్పూర్‌లో ఒక గృహస్థుడు మల్లన్న పట్నం వేయించుకుంటే ఆ రాత్రి కథాగానం తప్పనిసరి. ముంగిట పసుపు కుంకుమలతో, తెల్లపిండితో పట్నం వేస్తారు. డోలు మోగుతుంది, ఒగ్గు, అనగా శివుని డమరుకం, పలుకుతుంది. ప్రధాన కథకుడు మల్లన్న చరిత్రను ఎత్తుకుంటాడు. పక్కవాద్యగాళ్ళు వంత పాడుతారు. తెల్లవారుతుండగా మొదటి షిఫ్టుకు పోవలసినవారు గనికి పోతారు. టెంటుకు, మైకుకు, వంటవారికి ఒప్పుకున్న సొమ్ము ఒప్పుకున్నట్లే ముడుతుంది. కథకుని వంతు వచ్చేసరికి మాత్రం “దేవుని పని కదా, ఎంతో కొంత తీసుకోరాదూ” అనే మాట చాలా ముంగిళ్ళలో వినబడుతుంది.

ఆ “ఎంతో కొంత” అనే మాటలో ఒక గంభీరమైన ధర్మప్రశ్న ఉంది. కథను విన్నవాడు కథకునికి ఏమి బాకీ పడుతున్నాడు? ఎప్పటిలోగా తీర్చాలి? ఈ ప్రశ్న చుట్టూ వేయి సంవత్సరాల నాడు పారసీక దేశంలో ఒక మహాకవి గాథ అల్లుకున్నది. దానిని తెలుగు పద్యంలోకి తెచ్చినవాడు గుర్రం జాషువా. ఆయన “ఫిరదౌసి” ఖండకావ్యం 1932 నాటిది.

1895లో వినుకొండలో జన్మించిన జాషువా అస్పృశ్యతను జీవితాంతం అనుభవించిన కవి. విద్వత్తు ఉండీ పంక్తిలో చోటు దొరకని ఆ అవమానం వల్లనే కావచ్చు, దూరదేశపు వృద్ధకవి వేదన ఆయనకు పరాయిది కాలేదు. కావ్యవస్తువు సుప్రసిద్ధం. గజనీ సుల్తాను మహమూదు పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని వాగ్దానం చేశాడు. కావ్యం పూర్తయ్యాక వెండి నాణేలు పంపాడు. భక్తలోకానికి మహమూదు పేరు సోమనాథ భంజకునిగా తెలుసు. జాషువా కావ్యం చదివినవారికి అతడు మరొకందుకూ గుర్తుంటాడు. విగ్రహాన్ని భంజించినవాడే వాక్కునూ భంగపరచాడు. వాక్కును దేవతగా ఉపాసించే సంప్రదాయంలో ఈ రెండవది చిన్న అపరాధం కాదు.

ఫిరదౌసి తూసు నగర ప్రాంతీయుడు. ప్రాచీన ఇరాను రాజుల, వీరుల గాథలను సమీకరించి “షాహ్‌నామా” అనే బృహత్కావ్యంగా 1010లో ముగించాడు. అందులో ఇంచుమించు 50,000 ద్విపదలున్నాయి. జనశ్రుతి 60,000 అంటుంది. దాదాపు మూడు దశాబ్దాలు ఆ కృషికే ధారపోశాడు. దాని ఛందస్సు తెలుగువారికి వింతగా తోచదు. రెండేసి పాదాలు జంటలుగా నడుస్తూ, గానానికి, కంఠస్థానికి అనువుగా ఉండే రచన అది. తెలుగు ద్విపదకు రెండవ అక్షరాన ప్రాస. పారసీక ద్విపదకు పాదాంతంలో ప్రాస. రంగనాథ రామాయణాన్ని, బసవపురాణాన్ని సామాన్యుల నోట నిలిపిన గుణమే అక్కడ రుస్తుం కథను జనకంఠాలలో నిలిపింది.

పరదేశపు కథలతో సాధకునికేమి పని అనేవారు ఒక్క విషయం గమనించాలి. షాహ్‌నామాలోని జంషీదు అవెస్తాలో వివంహ్వంతుని పుత్రుడైన యిముడు; ఋగ్వేదంలో వివస్వంతుని పుత్రుడైన యముడు. కైకావూస్ అనే రాజు పేరు వెనుక అవెస్తాలోని కవి ఉసన్ ఉన్నాడు. వైదిక వాఙ్మయంలో కావ్య ఉశనసుడు, అంటే శుక్రాచార్యుడు. ఒకే కుదురు నుండి రెండు వైపులకు సాగిన తీగలివి. కాబట్టి షాహ్‌నామాను చదవడం పొరుగింటి పెట్టె తెరవడం కాదు, పాలివారి ఇంట పాత పటాలు చూడడం.

ఆ కావ్యంలో అత్యంత కరుణాత్మకమైన ఘట్టం సొహ్రాబు మరణం. రుస్తుం మహావీరుడు. తనకు పుట్టిన కుమారుడే శత్రుసేనలో ఉన్నాడని ఎరుగడు. ద్వంద్వయుద్ధంలో తన పేరు అడిగినా చెప్పడు. కుమారుని ఉదరాన్ని చీల్చిన పిమ్మట, తానే వాని తల్లికిచ్చిన రక్ష ఆ బాహువున కనబడుతుంది. అవిద్య ఎంత బలవంతుణ్ణైనా ఎలా చంపిస్తుందో చెప్పడానికి వేదాంతి ఇంతకంటే పదునైన దృష్టాంతం వెదకనక్కరలేదు. మహాభారతంలో బభ్రువాహనుని కథ దీనికి ప్రతిబింబం వంటిది: అక్కడ పుత్రుని చేత తండ్రి పడిపోతాడు, ఉలూచి తెచ్చిన మణి అర్జునుణ్ణి బతికిస్తుంది.

ఇక్కడా మణి వంటి ఔషధం ఒకటి ఉంది. అది కైకావూసు భాండాగారంలో ఉంది. దాని కోసం రుస్తుం కబురు పంపుతాడు. కుమారుడు బతికితే ఈ తండ్రీకొడుకుల బలం తన సింహాసనాన్ని కదిలిస్తుందని రాజు శంకించి ఇవ్వడు. రుస్తుం స్వయంగా బయలుదేరుతాడు. దారిలోనే మరణవార్త చేరుతుంది. “సొహ్రాబు పోయాక ఔషధం” అనే అర్థంలో పారసీకులకు సామెత నిలిచింది. తెలుగువాడు చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటాడు. తెలుగు సామెతలో చేతులు కాలినవాడూ ఆకులు పట్టుకున్నవాడూ ఒక్కడే. పారసీక సామెతలో ఒకడు ఆలస్యం చేస్తే మరొకడు పోయాడు. ఈ భేదం స్వల్పమైనది కాదు.

ఆశ్చర్యం ఏమంటే, ఫిరదౌసి రాసిన ఈ ఆలస్యమే అతని సొంత కథకూ ముగింపు అయింది. 12వ శతాబ్దంలో నిజామీ అరూజీ అనే రచయిత “చహార్ మకాలా” అనే గ్రంథంలో ఆ గాథను నమోదు చేశాడు. అందులో కవి తనకు దక్కిన అల్పధనాన్ని స్నానశాల సేవకునికి, పానీయాలమ్మేవానికి పంచి వెళ్ళిపోతాడు. చాలాకాలానికి సుల్తాను పశ్చాత్తాపంతో 60,000 దీనారాల విలువైన నీలిమందును ఒంటెలపై తూసుకు పంపుతాడు. ఒంటెలు ఒక ద్వారంలో ప్రవేశిస్తుండగా మరొక ద్వారం నుండి కవి శవం బయటకు వెళుతుంది. కుమార్తె ఆ సొమ్మును ముట్టలేదు. చరిత్రకారులు ఈ కథను అక్షరసత్యంగా అంగీకరించరు. అయినా ఆ జనం తమ మహాకవికి ఇటువంటి ముగింపునే అంటగట్టి తరతరాలు చెప్పుకున్నారంటే, ఆ ఆలస్యంలో తమ తప్పును కూడా చూసుకున్నారేమో.

సనాతన ధర్మం ఈ విషయాన్ని ఋణమనే భావనతో విచారిస్తుంది. జన్మతోనే ఋషిఋణం, దేవఋణం, పితృఋణం వస్తాయని తైత్తిరీయ సంహిత. శతపథ బ్రాహ్మణం వీటికి మనుష్యులకు పడిన ఋణాన్ని కూడా చేర్చింది. ఋషిఋణం అధ్యయనంతో తీరుతుందని పెద్దలు చెబుతారు. మంచిదే. కానీ మల్లన్న కథను గ్రంథం తెరిచి నేర్చుకున్నవారు ఈ సీమలో ఎందరు? దానిని కంఠంలో మోసి ముంగిటికి తెచ్చినవాడు ఒగ్గు కథకుడు. అతనికి పడేది ఋషిఋణమూ అవుతుంది, మనుష్యఋణమూ అవుతుంది. దానం అయితే దాత ఇష్టం. ఋణానికి మొత్తమూ గడువూ ఉంటాయి. “ఎంతో కొంత” అనే మాట దానానికి చెల్లుతుందేమో గాని ఋణానికి చెల్లదు.

వాల్మీకి రామాయణం దీనికి ప్రమాణం చూపుతుంది. బాలకాండలో కుశలవుల గానం విన్న మునులు అప్పటికప్పుడే తమ వద్ద ఉన్నవి ఇచ్చారు: ఒకరు కలశం, ఒకరు వల్కలం. ఉత్తరకాండలో రాముడు గానం విన్న వెంటనే పదునెనిమిది వేల సువర్ణాలు ఇమ్మని ఆజ్ఞాపించాడు. బాలురు వద్దన్నారు, అడవిలో కందమూలాలు తినేవారికి బంగారమెందుకన్నారు. వారు వద్దనడం అందరికీ గుర్తుంటుంది. రాముడు ముందుగా ఇవ్వబోవడం మాత్రం ప్రవచనాలలో తరచు జారిపోతుంది.

ఇక్కడే భక్తులు ఒక ఆక్షేపణ చేస్తారు. నిజమైన కవి ధనం కోరడు. బమ్మెర పోతన భాగవతాన్ని రాజులకియ్యక శ్రీరామునికే సమర్పించలేదా అంటారు. పోతన నిరీహ వందనీయం. కానీ అది పోతన సాధన; శ్రోతలకు దొరికిన మినహాయింపు కాదు. వైరాగ్యం గాయకుడు తనకు తాను విధించుకోవలసిన వ్రతం. పక్కవాని చేత ఆ వ్రతం పట్టించి తన సంచి మూతి బిగించుకోవడాన్ని ఏ శాస్త్రం వైరాగ్యమన్నది? పోతన కథను ఉదాహరించే గృహస్థు పురోహితుని దక్షిణ విషయంలో ఆ కథను తలచడు. ఒగ్గు కథకుని దగ్గరే పోతన గుర్తుకు రావడంలో కులం మాట కూడా ఉన్నదని చెప్పక తప్పదు. జాషువాకు ఆ సంగతి ఇతరులు చెప్పనవసరం లేకపోయింది.

నస్పూర్‌కు ఉత్తరంగా ఆదిలాబాదు అడవులలోకి వెళితే ఈ ఋణాన్ని వ్యవస్థగా మలచిన సమాజం ఒకటి కనబడుతుంది. రాజగోండుల వంశాలకు పర్ధానులు పరంపరాగత గాయకులు. కింగ్రి అనే తంత్రీవాద్యంపై గోండుల దేవతల, వీరుల గాథలు పాడుతారు. ఇంటిలో మరాఠీ మాట్లాడే పర్ధానులు గోండుల చరిత్రను గోండీలోనే కాపాడారు. పర్సాపేన్ పండుగలలో, వివాహాలలో, మరణానంతర కర్మలలో వారు రావాలి, వారికి వంశం ఇవ్వాలి: ధాన్యం, వస్త్రం, శక్తి ఉంటే పశువు. 1940ల నాటి పరిశీలనలతో హైమెండార్ఫ్ దీనిని విస్తారంగా గ్రంథస్థం చేశాడు. అక్కడ “ఇష్టమైతే ఇస్తాం” అనే మాటకు తావు లేదు. గాయకునికి ఇవ్వని వంశం తన దేవునికే లోటు చేసినట్లు. పంటలు, భూములు చేజారిన చోట ఈ ఏర్పాటు కూడా సన్నగిల్లుతున్నది.

ఇరానులో షాహ్‌నామాను జనానికి వినిపించినవారు నక్కాళులు. కాఫీశాలలలో చేతికర్రతో అభినయిస్తూ, కొన్నిచోట్ల పెద్ద చిత్రపటాన్ని పరచి చూపుతూ చెప్పేవారు. చేర్యాల పటాలు చూసినవారికి ఆ దృశ్యం ఊహించడం కష్టం కాదు. సొహ్రాబు వధ చెప్పే రోజున కాఫీశాలలు కిక్కిరిసేవట. 2011లో యునెస్కో ఈ కథనకళను తక్షణ సంరక్షణ అవసరమైన వారసత్వాల జాబితాలో చేర్చింది. అటువంటి జాబితా ఉపయోగకరమే. కాని తక్షణ సంరక్షణ అనే మాట పుట్టిందంటే ఒంటెలు అప్పటికే ఆలస్యంగా బయలుదేరినట్లు. తెలుగునేలపై కూడా జానపద గాయకునికి సన్మానం, శాలువా, పింఛను తరచు వార్ధక్యంలో, కంఠం పోయాక వస్తున్నాయి. సంస్మరణ సభ మాత్రం సకాలంలో జరుగుతుంది.

పారసీక భాష ఈ సీమకు కావ్యంగా రాలేదు. నిజాము కచేరీల భాషగా వచ్చింది. జమాబందీ, దస్తావేజు వంటి మాటలు దాని ద్వారా గ్రామాలకు చేరాయి. బాకీ అనే మాట కూడా ఆ దారినే వచ్చింది. రుస్తుం పేరు ఎరుగని రైతుకు కూడా బాకీ అంటే ఏమిటో, దానిని ఎగ్గొట్టినవాణ్ణి ఊరు ఏమంటుందో బాగా తెలుసు.

పట్నం వేయించే గృహస్థు చేయవలసింది పెద్దదేమీ కాదు. టెంటువానితో మాట్లాడినట్లే కథకునితోనూ, అతని బృందంలో డోలు వాయించేవానితో సహా, ముందే మాట్లాడాలి. దేవుని పేరు చెప్పి తగ్గించరాదు. తెల్లవారి పట్నం చెరిపేలోగా, అందరూ ఉండగా, తాంబూలంతో చేతికివ్వాలి. పిల్లలను కూడా దగ్గర నిలబెట్టుకోవాలి. రాత్రంతా తమకు కథ చెప్పినవానికి తండ్రి ఏమిచ్చాడో, ఎలా ఇచ్చాడో వారు చూస్తారు.

తూసులో కుమార్తె తిరస్కరించిన ఆ సొమ్ముతో, నిజామీ అరూజీ కథనం ప్రకారం, నిషాపూరు దారిలో ఒక పాంథశాలను బాగుచేయించారు.