ఇంటి పచ్చదనం: వెండి చుక్కల తీగ

మన బాల్కనీల్లో మనీప్లాంట్ పక్కనే మరో చిన్న తీగ వేలాడుతుంటుంది, చూశారా? ముదురాకుపచ్చ ఆకులు, వాటిపై వెండిపొడి చల్లినట్టు మచ్చలు. పేరు సిండాప్సస్ పిక్టస్. కుండీలో పొట్టిగా ఉన్నా, మలేషియా అడవుల్లో చెట్లెక్కే తీగ ఇది. మనం వలస వచ్చాం గానీ, ఇది ఇక్కడిదే! ఆ వెండి మెరుపు రంగు కాదు పిల్లలూ, ఆకు పైపొర కింద చిక్కుకున్న గాలి. ఆకులు చుట్టుకుంటే దాహమేసిందని అర్థం.

ఒక్కమాట. తమలపాకులా ఉందని తాంబూలంలో పెట్టేరు, పసివాళ్లు నోట్లో పెట్టుకునేరు! ఇది కంద కుటుంబానిది. పచ్చికందలో దురద పుట్టించే సూదుల్లాంటి స్ఫటికాలే ఇందులోనూ ఉన్నాయి. నోరు మండి, వాస్తుంది. అందుకే మా మనవడు పాకడం మొదలెట్టగానే కుండీని పైకెక్కించాను. తీగ కిందికి దిగితే కత్తిరిస్తాను. కణుపున్న ముక్క నీళ్లలో వేళ్లు వేస్తుంది. కావలసినవారు అడగండి, ఇస్తాను.