‘సెట్ అవ్వదు’ అనే ముందు కొలవండి

ఖరగ్‌పూర్‌లో పాత గేర్ సైకిల్‌ని రిపేరుకి తీసుకెళ్తే రెండే మాటలు వినిపిస్తాయి. ‘దీనికి పార్టులు సెట్ అవ్వవు, కొత్తది కొనుక్కోండి’ అన్నది ఒకటి. ‘గేర్లు పీకేసి మామూలు ఫ్రీవీల్ వేసేస్తా, గొడవ వదిలిపోతుంది’ అన్నది రెండోది. మెకానిక్కులనే ఎందుకనాలి, ఐఐటీలో ఇంజనీరింగు చదివే పిల్లలు కూడా ఇదే మాట అంటున్నారు. రెండూ తప్పే. సైకిల్లో ఒక భాగం ఇంకోదానికి కుదరడం లేదంటే దాని వెనక ఒక కొలత ఉంటుంది. ఆ కొలతేదో పట్టుకుంటే మార్చాల్సింది ఒకటో రెండో వస్తువులు. పట్టుకోకపోతే సైకిల్ మొత్తం తుక్కు కింద పోతుంది.

ఈ ఊళ్లో ఈ మాట చెప్పాల్సి రావడమే నాకు బాధ. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి మన తెలుగువాళ్లు ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్లుగా, టర్నర్లుగా చేసి పిల్లల్ని చదివించుకున్నారు. ఆ వర్క్‌షాపు పనే పాత బండిని మళ్లీ పట్టాలెక్కించడం. ఓవర్‌హాల్‌కి వచ్చిన పెట్టెకి చక్రం అరిగితే పెట్టెను పారేయరు. చక్రాన్ని లేత్ మీద ఎక్కించి అంచు మళ్లీ తీరుస్తారు. వ్యాసం హద్దు కన్నా తగ్గినప్పుడే దాన్ని పక్కన పెడతారు. ఆ హద్దు ఒక అంకె, ఎవరికో తోచిన అభిప్రాయం కాదు. జీవితమంతా గేజీ పట్టుకున్న మనిషి ఇంట్లో, సైకిల్ దగ్గరికొచ్చేసరికి గేజీ ఎందుకు గుర్తురాదు?

ఎక్కువగా ఎదురయ్యే చిక్కునే తీసుకుందాం. వెనక ఆరు చక్రాల ఫ్రీవీల్ ఉన్న పాత సైకిల్. ఫ్రీవీల్ అరిగింది, బజార్లో ఏడు చక్రాలది దొరికింది, బిగించారు. హ్యాండిల్ దగ్గరి షిఫ్టర్ మాత్రం పాతదే, క్లిక్కుకో గేరు మార్చే రకం. మొదటి గేరు చక్కగా పడుతుంది. రెండోది పర్వాలేదు. నాలుగోదానికి చైన్ గరగరలాడుతుంది, ఐదోదానికి పక్క చక్రం మీదికి దూకుతుంది. ‘చూశారా, సెట్ అవ్వలేదు’ అంటారు. ఆరు చక్రాలదాంట్లో ఒక చక్రానికీ పక్కదానికీ దూరం సుమారు 5.5 మిల్లీమీటర్లు, ఏడు చక్రాలదాంట్లో సుమారు 5. తేడా అర మిల్లీమీటరే గానీ క్లిక్కు క్లిక్కుకీ పోగవుతూ నాలుగు క్లిక్కులకి 2 మిల్లీమీటర్లవుతుంది. మొదట్లో బాగుండి చివర్లో చెడటానికి కారణం ఇదే. ఫ్రీవీల్‌లో లోపం లేదు, సైకిల్‌లో అసలే లేదు.

దీనికి మందు క్లిక్కులు లేని ఫ్రిక్షన్ షిఫ్టర్. చాలా పాత షిఫ్టర్లలో ఆ ఏర్పాటు ముందే ఉంటుంది. మీట మీది రింగు తిప్పితే క్లిక్కులు పోతాయి, చైన్ ఎక్కడ ఆగాలో చెవీ బొటనవేలూ చూసుకుంటాయి. 1980ల మధ్యలో షిమానో క్లిక్కు గేర్లు తెచ్చేదాకా టూర్ ద ఫ్రాన్స్‌లో పందెగాళ్లు సైతం అలాగే మార్చుకున్నారు. ఏడు చక్రాలది కాస్త వెడల్పు కాబట్టి చైన్ ఫ్రేముకి రాసుకుంటే ఇరుసు మీద ఒక వాషర్ వేస్తే చాలు.

ఇంకో ఫిర్యాదు, కొత్త చైన్ వేశాక తొక్కుతుంటే జారుతోందని. వెంటనే ‘డూప్లికేట్ మాల్’ అంటారు. తీసేసిన పాత చైన్‌ని ఇంచీల స్కేలు పక్కన చాపి చూడండి. ఒక పిన్ను నుంచి 25వ పిన్ను దాకా సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో 16వ వంతు సాగితే చైన్ మార్చే వేళయింది, చాలామటుకు ఒక్క చైన్ మారిస్తే సరిపోతుంది. 8వ వంతు సాగేదాకా తొక్కితే అది ఫ్రీవీల్ పళ్లను కూడా తినేసి ఉంటుంది. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ నిలవదు. అక్కడ రెండూ కలిపే మార్చాలి.

ఊరు చదునుగా ఉంది, గేర్లెందుకు అనేది రెండో వాదం. పురీ గేటు ఫ్లైఓవర్ మీద క్యారియర్‌కి బియ్యం బస్తా కట్టుకుని, మోకాళ్ల నొప్పితో ఎక్కే పెద్దాయన్ని అడిగి చెప్పండి ఆ మాట. గేర్లు తీసేయడమే తప్పదంటే, కనీసం ఎన్ని పళ్ల ఫ్రీవీల్ వేస్తున్నారో అడగండి. ముందు 44 పళ్లు, వెనక 18 ఉంటే పెడల్ ఒక్కసారి తిరిగేసరికి వెనక చక్రం 2.44 సార్లు తిరుగుతుంది. వెనక 22 వేస్తే 2 సార్లే. కాలి మీద బరువు 18 శాతం తగ్గుతుంది. ఇందుకు కావాల్సింది ఇంకో అంగుళం చైన్, లేదా ఇరుసుని అర అంగుళం ముందుకి జరిపే చోటు. గేర్లే లేని పాత నల్ల సైకిల్‌కీ ఈ లెక్కే.

టైరు మీద 26 అని రాసి ఉంటే చాలనుకోవడమూ ఇలాంటిదే. 26 × 1.95 టైరు కూర్చునే రిమ్ము 559 మిల్లీమీటర్లు, 26 × 1⅜ది 590. ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. నాటింగ్‌హామ్‌లో తయారైన పాత ర్యాలీలో పెడల్ ఇరుసు కప్పులకి అంగుళానికి 26 మరలు, మిగతా ఇంగ్లిష్ సైకిళ్లకి 24. చూసుకోకుండా బలవంతంగా తిప్పితే మంచి ఫ్రేము మర పోతుంది.

మెకానిక్కుని తిట్టడం నా ఉద్దేశం కాదు. గంటసేపు కొలిచినందుకు ఎవరూ డబ్బివ్వరు, పార్టు అమ్మితేనే నాలుగు రూపాయలు మిగులుతాయి. కొలిచే పనికీ కూలివ్వాల్సింది మనం. పగిలిన ఫ్రేము, లోపల తుప్పు తినేసిన గొట్టం ఉంటే పారేయమని నేనూ అంటాను. కానీ చదువైపోయి వెళ్లిన పిల్లలు హాస్టళ్ల దగ్గర వదిలేసే సైకిళ్లు అలాంటివేనని చూడకుండా ఎలా తేల్చేస్తాం? రిటైరైన ఫిట్టర్లు మలంచాలో, నిమ్‌పురాలో ఎందరో ఉన్నారు. నెలకో ఆదివారం వాళ్లలో ఇద్దరు ముగ్గురు హాస్టల్ కుర్రాళ్లతో కూర్చోవాలి. ఒక స్టీలు స్కేలు, ఒక వెర్నియర్, ఒక పిచ్ గేజీ తెచ్చుకుంటే చాలు. ఏ సైకిల్‌కి ఏది కుదరలేదో దాని హ్యాండిల్‌కి చీటీ కట్టి, ఆ చీటీ మీద కొలత రాయాలి.