ఏడు బెజ్జాల సూది

మొన్న రాత్రి కరెంటు పోయింది. సరిగ్గా అప్పుడే మా అత్తగారికి జాకెట్టుకి ఊడిన హుక్కు గుర్తొచ్చింది. "అమ్మాయ్, కాస్త ఈ సూదిలో దారం ఎక్కించి పెడుదూ" అన్నారు. బాల్కనీలోకి వెళ్ళి, వెన్నెల్లో సూదిని కంటికి దగ్గరగా పెట్టుకుని, దారం కొసని నోట తడిపి మెలేసి, నాలుగుసార్లు తప్పి ఐదోసారికి ఎక్కించాను. ఒక్క బెజ్జానికే ఇంత తంటా! అర చందమామ వెలుగులో ఏడు బెజ్జాల సూదిలో దారం ఎక్కించిన చైనా ఆడపిల్లలు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

వాళ్ళ పంచాంగం ప్రకారం ఏడో నెల ఏడో రోజు రాత్రి చీషీ పండుగ. మన లెక్కలో చాలాసార్లు శ్రావణమాసం మొదటి వారానికి అటూ ఇటూగా వస్తుంది, ఒక్కో ఏడు భాద్రపదంలోకి జరుగుతుంది. 2024లో ఆగస్టు 10న, 2025లో ఆగస్టు 29న వచ్చింది. ఇప్పుడు దీన్ని అందరూ 'చైనా ప్రేమికుల రోజు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. గులాబీలు, చాక్లెట్లు, హోటళ్ళలో జంటలకి ప్రత్యేక భోజనాలు. ప్రేమంటే నాకేం కోపం లేదు. కానీ ఆడపిల్లల పండుగ జంటల పండుగ అయిపోయిందే అని నా బాధ.

కథ మీలో చాలామంది వినే ఉంటారు. దేవలోకపు నేతపిల్ల, భూలోకపు పశువుల కాపరి. ఆకాశంలో మనం అభిజిత్తు అని పిలిచే చుక్కే ఆ నేతపిల్ల. మన శ్రవణ నక్షత్రంలో ప్రకాశంగా కనిపించే చుక్క ఆ కాపరి. వాళ్ళిద్దరూ కాపురం పెట్టి పిల్లల్ని కన్నాక, దేవలోకపు రాణి కొప్పులోంచి పిన్ను తీసి ఆకాశం మీద ఒక్క గీత గీసింది. అదే పాలపుంత. వాళ్ళు దాన్ని వెండి ఏరు అంటారు. భర్త పిల్లలిద్దర్నీ కావడిలో పెట్టుకుని ఒడ్డునే నిలబడిపోయాడు. అతని చుక్కకి అటొకటి ఇటొకటి కనిపించే చిన్న చుక్కలే ఆ పిల్లలు. ఏడాదికి ఒక్క రాత్రి కాకి జాతి పక్షులు గుంపుగా వచ్చి రెక్కలు కలిపి వంతెన కడితే, ఆలుమగలు కలుసుకుంటారు. ఆ రాత్రి వాన పడితే అది వాళ్ళ కన్నీళ్ళే.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు పెళ్ళెలా అయిందనుకున్నారు? చాలాచోట్ల చెప్పే కథలో, ఆమె స్నానం చేస్తుంటే కాపరి ఆమె బట్టలు దాచేస్తాడు. ఎగిరిపోలేక ఆమె అతన్ని కట్టుకుంటుంది. దీన్ని ప్రేమకథ అనడానికి నాకు నోరు రాదు. ఈ ప్రశ్న వేసే ఆడవాళ్ళు ఇప్పుడు చైనాలోనూ ఉన్నారు.

కవులు మాత్రం ఈ కథని వదల్లేదు. రెండు వేల ఏళ్ళ కిందటి హాన్ కాలపు పద్యంలోనే నేతపిల్ల మగ్గం ముందు కూర్చుని ఉంటుంది. రోజంతా చెయ్యి ఆడించినా గుడ్డ తెమలదు. ఆమెను పనిచేసే మనిషిగా చూసిన ఆ పాత కవి ఎవరో గానీ ఆయనంటే నాకు గౌరవం. తర్వాతి వాళ్ళకి మగ్గం కంటే వంతెనే ముఖ్యమైపోయింది. 806లో బై జూయీ రాసిన పెద్ద కావ్యంలో చక్రవర్తి, ఆయన ప్రియురాలు ఈ రాత్రే ఒట్టు పెట్టుకుంటారు. పదకొండో శతాబ్దపు చిన్ గ్వాన్ అయితే, ప్రేమ గట్టిదైతే రోజూ కలిసి ఉండనక్కర్లేదని ఊరడించాడు. అందమైన పద్యమే, చైనాలో చాలామందికి కంఠతా వచ్చు. కానీ కావడిలో పిల్లల్ని ఎవరు సాకుతున్నారో ఆయన అడగలేదు. ఈ రాత్రి మీద లీ చింగ్‌జావ్ అనే కవయిత్రి కూడా రాసింది. ఆమె పద్యంలో ఊరడింపు లేదు. నిలకడ లేని ఆకాశం, కీచురాళ్ళు, ఎడబాటు, అంతే.

కవులు ఆకాశం చూస్తుంటే ఆడపిల్లలు పెరట్లో ఏం చేస్తున్నారు? ఈ పండుగకి 'నేర్పు అడుక్కునే రాత్రి' అని ఇంకో పాత పేరుంది. వాళ్ళు నేతపిల్లని మొగుణ్ణి ఇమ్మని కాదు, చేతికి పనితనం ఇమ్మని వేడుకునేవారు. ఆరో శతాబ్దంలో జోంగ్ లిన్ రాసిన పండుగల పుస్తకంలోనే ఇదంతా ఉంది. పెరట్లో కాయలూ పళ్ళూ పెట్టి, ఏడు బెజ్జాల సూదిలో రంగు దారాలు ఎక్కించేవారు. సాలెపురుగు వచ్చి కాయ మీద గూడు అల్లితే కోరిక తీరినట్టే. (మన భాషలోనూ అది సాలెపురుగే కదా, నేతగత్తె!) తర్వాత తర్వాత దాన్ని చిన్న పెట్టెలో పెట్టి, తెల్లారాక ఎంత చిక్కగా అల్లిందో చూసేవారు. గిన్నెలో నీళ్ళు ఎండలో పెట్టి, మీద సన్నని పొర కట్టాక సూదిని తేలేసి, అడుగున పడే నీడని బట్టి పనిమంతురాలో కాదో తేల్చేవారు. నీడ పువ్వులానో మబ్బులానో పడితే సంతోషం. రోకలిలా మొద్దుగా పడితే పాపం ఆ పిల్ల మొహం ఎలా ఉండేదో!

అడుక్కున్న ఆ నేర్పూ ఊరికే పోలేదు, పెళ్ళి బజారులో అదే ఆడపిల్ల వెల. నాకూ తెలుసు ఆ సంగతి. నా పెళ్ళిచూపుల్లో కుట్లూ అల్లికలూ వచ్చా అని అడిగారు గానీ, డిగ్రీలో ఏం చదివావని ఒక్కరూ అడగలేదు.

అయినా అదే నేర్పుతో తమ కాళ్ళ మీద తాము నిలబడ్డవాళ్ళూ ఉన్నారు. దక్షిణాన గ్వాంగ్‌డోంగ్‌లో పట్టు తీసే ఊళ్ళలో పందొమ్మిదో శతాబ్దం చివరా, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎందరో ఆడవాళ్ళు పెళ్ళి చేసుకోమని ఒట్టు పెట్టుకుని, తమ సంపాదనతో కలిసి బతికారు. వాళ్ళకి ఈ ఏడో రాత్రి పెద్ద పండుగ. అందరూ తలా కాస్త డబ్బు వేసుకుని జరుపుకునేవారు. పెళ్ళే వద్దన్న వాళ్ళ పండుగని ఇప్పుడు ప్రేమికుల రోజంటున్నాం, చూశారా!

2006లో చైనా ప్రభుత్వం చీషీని జాతీయ వారసత్వాల జాబితాలో చేర్చింది. నాకు మాత్రం ఆ జాబితా కంటే గాన్సు రాష్ట్రంలో షీహ అనే చోటు మీద మనసు. అక్కడ పండుగ ఒక్క రాత్రి కాదు, ఏడు పగళ్ళూ ఎనిమిది రాత్రులూ. పెళ్ళికాని పిల్లలు అంతకుముందు పండుగకి చేతులకి కట్టుకున్న ఎర్ర దారాలు విప్పి, ముడేసి, పొడుగాటి తాడు చేసి ఏటి మీద వంతెనలా పట్టుకుని 'నేర్పుల తల్లి'ని ఊళ్ళోకి పిలుస్తారు. కాగితపు బొమ్మని ఒక ఇంట్లో నిలిపి చేతులు పట్టుకుని పాడతారు. గిన్నెల్లో పెంచిన మొలకల్ని తుంచి నీళ్ళలో వేసి నీడలు చూసుకుంటారు.

1936లో అక్కడి టీచరు జావ్ జీష్యెన్ తన విద్యార్థుల చేత ఆ పాటలు సేకరించి రాయించాడు. చాలా కాలానికి ఆయన కొడుకు వాటిని అచ్చు వేయించాడు. పాదాలు బిగించి కట్టిన నొప్పి, పెళ్ళిళ్ళ పేరయ్య అబద్ధాలు, అత్తింటి ఆరళ్ళు, అన్నీ అందులో ఉన్నాయి. ఏడాది పొడుగునా నోరెత్తకూడని పిల్లలు ఆ వారం రోజులూ తల్లి బొమ్మ ముందు గొంతెత్తి చెప్పుకున్నారు. పాట కాబట్టి ఎవరూ తప్పు పట్టరు.

ఆఖరి రాత్రి బొమ్మని ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళి కాల్చేస్తారు. అప్పుడు కొందరు పిల్లలు ఏడుస్తారట. పాత ఆచారం ప్రకారం పెళ్ళయినవాళ్ళకి ఆ గుంపులో చోటు ఉండేది కాదు. సంబంధం కుదిరిన పిల్లకి అదే ఆఖరి చీషీ అయ్యేది.