డైనమో ఎలాగూ తిరుగుతుంది కదా అనుకునే రైతులకు



మొన్న మా ఊరి సెంటర్లో టీ తాగుతుంటే ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, కళ్లం కాపలాకి పవర్ స్టేషన్ కొన్నా. బండిలో పెట్టుకుని గుంటూరు యార్డుకి పోయొస్తే ఉచితంగా ఛార్జింగ్ ఎక్కుద్దంట కదా? డైనమో ఎలాగూ తిరుగుతుంది కదా?"

ఆ తమ్ముడికి అప్పుడు రెండు ముక్కలే చెప్పగలిగాను. అదే సందేహం మీలో చాలామందికి ఉంటుందని ఇక్కడ వివరంగా రాస్తున్నా. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి. నేను తప్పు చేసి నేర్చుకున్న సంగతి కూడా ఇందులో ఉంది.

పవర్ స్టేషన్ అంటే సబ్ స్టేషన్ అనుకునేరు. పైన పట్టుకోడానికి పిడి ఉన్న పెట్టె. లోపల లిథియం బ్యాటరీ, ఇన్వర్టర్ రెండూ ఉంటాయి. బల్బు, ఫ్యాను, ఫోను ఏదైనా దానికి తగిలించుకోవచ్చు. కరెంటు లైను లేని పొలానికి, కౌలు చేనుకి, రాత్రిళ్లు పందుల కాపలాకి మంచి వస్తువే. నేనూ వాడుతున్నా. రాత్రికి రెండు 9 వాట్ల బల్బులు, ఒక చిన్న 25 వాట్ల ఫ్యాను, రెండు ఫోన్లు పెట్టుకుంటే తెల్లారేసరికి 400 వాట్-అవర్ల పైచిలుకు ఖర్చవుద్ది. అంటే 500 వాట్-అవర్ల పెట్టె మనలాంటోళ్లకి సరిపోద్ది. 1000 యూనిట్ల కరెంటు ఉన్నట్టు కనపడే పెద్ద పెట్టెలోనూ ఉండేది ఒక్క యూనిట్టే. 1000 వాట్-అవర్లు అంటే ఒక యూనిట్ అని గుర్తుపెట్టుకోండి.

ఇక "ఉచితం" సంగతి.

మన చిన్నప్పుడు సైకిల్‌కి డైనమో ఉండేది, గుర్తుందా? పగలు పక్కకి వంచి పెట్టి తొక్కితే సైకిల్ హాయిగా పోయేది. చీకటి పడి డైనమోని టైరుకి ఆనిస్తే లైటు వెలిగేది, కానీ పెడలు బరువెక్కేది. ఆ చిన్న లైటు వెలుతురు మన పిక్కల్లోంచి వచ్చేది. బండి ఆల్టర్నేటర్ కూడా అంతే. తిరగడం ఎలాగూ తిరుగుద్ది. దాన్నుంచి కరెంటు లాగినకొద్దీ ఇంజను మీద బరువు పెరుగుద్ది, ఆ మేరకు డీజిల్ తాగుద్ది.

ఎంత తాగుద్ది? లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజనులో మూడో వంతు కూడా పనికిరాదు, మిగతాది వేడిగా పోద్ది. ఆల్టర్నేటర్లో దగ్గర దగ్గర సగం పోద్ది. చివరికి ఒక యూనిట్ కరెంటు పెట్టెలోకి ఎక్కాలంటే అర లీటరు పైనే కాలుద్ది. అంటే యాభై, అరవై రూపాయలు. ఇంట్లో ప్లగ్గులో పెడితే అదే యూనిట్ ఐదారు రూపాయలతో అయిపోద్ది.

అయినా బండి ఎలాగూ లోడుతో పోతున్నప్పుడు 500 పెట్టెకి పాతిక, ముప్పై రూపాయల డీజిల్ పెద్ద లెక్క కాదు. దాన్ని నేను తప్పుపట్టను. నేను తప్పుపట్టేది వేరే ఉంది. కొందరు కళ్లం దగ్గర ట్రాక్టర్ స్టార్ట్ చేసి వదిలేసి పెట్టెని ఛార్జింగ్ పెడుతున్నారు. లైటర్ సాకెట్లోంచి ఎక్కేది గంటకి 100 వాట్-అవర్లు. 500 పెట్టె నిండాలంటే ఐదారు గంటలు. ఇంజను ఊరికే నిలబడి గంటకి లీటరు అటూ ఇటూ తాగుద్ది. లెక్క మీరే వేసుకోండి. మూడు రూపాయల కరెంటుకి ఐదు వందల డీజిల్!

అందుకే నా మాట ఒకటే. బండి తిరుగుతుంటే ఛార్జింగ్ పెట్టుకోండి, ఛార్జింగ్ కోసం బండి తిప్పకండి.

ఇప్పుడు నా తప్పు చెప్తా.

రెండేళ్ల కింద, కాయ కోతల టైము. సాకెట్లో పెడితే నిదానంగా ఎక్కుతుందని నాకు ఓపిక లేకపోయింది. తెలిసిన మెకానిక్ దగ్గరికి పోతే "బ్యాటరీ నుంచి డైరెక్టుగా లాగేద్దాం" అన్నాడు. చవక ఇన్వర్టర్ ఒకటి తెచ్చాను. మోటారు కనెక్షన్‌కి వాడగా మిగిలిన 2.5 స్క్వేర్ ఎంఎం తీగ నా దగ్గరే ఉంది, వృథా ఎందుకని అదే ఇచ్చాను. బానెట్లోంచి వెనక ట్రక్కు దాకా నాలుగు మీటర్లు లాగాడు. ఫ్యూజు పెట్టలేదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఇన్వర్టర్‌కి పెట్టె ఛార్జర్ తగిలిస్తే గంటన్నరలో నిండిపోయేట్టు కనిపించింది. భలే ఉందనుకున్నా. ముప్పై టిక్కీల మిర్చి వేసుకుని, పైన పట్టా కట్టి రాత్రి బయల్దేరాను. నరసరావుపేట దాటాక కాలిన ప్లాస్టిక్ వాసన. ఎవరో రోడ్డు పక్కన చెత్త తగలబెట్టారనుకున్నా. కిలోమీటరు పోయినా వాసన పోలేదు. ఆపి బానెట్ ఎత్తితే తీగ పైతొడుగు కరిగి కారిపోయి, రాగి బయటపడి ఉంది. ఛాసిస్ అంచుకి వేలెడు దూరం. స్పానర్ తీసి బ్యాటరీ టెర్మినల్ ఊడదీసేటప్పుడు చేతులు ఎంత వణికాయో నాకే తెలుసు.

వెనక ఎండు మిర్చి. కింద డీజిల్ ట్యాంకు. ఏడాది కష్టం మొత్తం ఆ ట్రక్కులోనే ఉంది. మనిషిని కూడా లోపలే ఉన్నా.

తర్వాత ఒక ఎలక్ట్రీషియన్‌తో కూర్చుని లెక్క వేశాను. పెట్టె 500 వాట్లు లాగితే, 12 వోల్టుల దగ్గర అది 45 ఆంపియర్ల పైమాట. ఇంట్లో 230 వోల్టుల మీద అదే 500 వాట్లు రెండున్నర ఆంపియర్లు కూడా దాటవు. అందుకే ఇంట్లో సన్న తీగ సరిపోద్ది, బండిలో అదే తీగ పొయ్యి అయిపోద్ది. నా తీగలో 100 వాట్ల పైనే వేడిగా పోయింది. పైగా బ్యాటరీ కరెంటుని ఇన్వర్టర్ 230 చేయడం, ఛార్జర్ మళ్లీ దాన్ని కిందికి దించడం. ఆ రెండు మార్పుల్లో నాలుగో వంతు దాకా గాల్లో కలుస్తుంది.

మరి ఎలా పెట్టుకోవాలి?

ఒకటి. మామూలు అవసరానికి లైటర్ సాకెట్ చాలు. పెట్టెతో వచ్చే కారు ఛార్జింగ్ కేబుల్ 8 ఆంపియర్ల దాకా లాగుద్ది, 100 వాట్లు. సాకెట్‌కి బండిలోనే ఫ్యూజు ఉంటుంది. మా వినుకొండ వైపు నుంచి గుంటూరు పోయి రావడానికి లోడు బండిలో ఐదు గంటలు పట్టుద్ది. ఇంటికొచ్చేసరికి పెట్టె ముప్పాతిక పైనే నిండి ఉంటుంది. ఇంజను స్టార్ట్ అయ్యాక తగిలించండి, ఆపగానే పీకేయండి. కొన్ని బండ్లలో తాళం తీసినా సాకెట్‌కి కరెంటు వస్తూనే ఉంటుంది. యార్డులో రాత్రంతా అలా వదిలేస్తే తెల్లారి బండి స్టార్ట్ కాదు.

రెండు. తొందరగా ఎక్కాలంటే డీసీ టు డీసీ ఛార్జర్ అని వేరే ఉంటుంది. ఇన్వర్టర్ అక్కర్లేదు. ఇంజను ఆగి వోల్టేజీ పడిపోగానే అదే కట్ అవుద్ది. కొత్త బీఎస్-6 బండ్లు కొన్నిట్లో ఆల్టర్నేటర్ వోల్టేజీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, వాటికి ఇది ఉంటేనే సరిగా ఎక్కుద్ది. దీనికి 16 స్క్వేర్ ఎంఎం రాగి తీగ వేయించండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి జానెడు లోపే ఉండాలి. ఛార్జర్ దగ్గర పెడితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న తీగకి దిక్కెవరు? ఫ్యూజు ఉండేది తీగ కోసం. తీగ మోయగలిగే ఆంపియర్ల కంటే ఫ్యూజు తక్కువ ఉండాలి. వారంటీ ఉన్న బండి అయితే ముందు షోరూములో అడిగి చేయించుకోండి.

మూడు. ఆల్టర్నేటర్ మీద ఉన్న ప్లేటు చూడండి. మన ట్రాక్టర్లలో చాలా వాటికి 36, 40 ఆంపియర్లే. అదీ ఇంజను రేసులో ఉన్నప్పుడు. రాత్రి హెడ్‌లైట్లకే పది ఆంపియర్లు పోతాయి. అలాంటి దానికి 500 వాట్ల ఛార్జర్ తగిలిస్తే ఆల్టర్నేటర్ కాలుద్ది, లేకపోతే ట్రాక్టర్ బ్యాటరీ దిగిపోద్ది. ట్రాక్టర్‌కి సాకెట్ ఛార్జింగే మేలు.

నాలుగు. ఎండ. లిథియం బ్యాటరీని 45 డిగ్రీల పైన ఛార్జ్ చేయకూడదు. మార్చి, ఏప్రిల్‌లో అద్దాలు మూసిన క్యాబిన్ అంతకంటే కాగుద్ది. పట్టా కింద టిక్కీల మధ్య కూడా పెట్టొద్దు. క్యాబిన్లో కాళ్ల దగ్గర, గాలి ఆడేచోట, గుంటల్లో ఎగరకుండా తాడేసి కట్టండి.

"ఇంత తతంగం ఎందుకన్నా, సోలార్ ప్యానెల్ కొనుక్కుంటే పోలా?" అంటారా? నిజమే. కళ్లంలో పదిహేను, ఇరవై రోజులు వరసగా కాపలా ఉండేవాళ్లకి నేను చెప్పేదీ అదే. 100 వాట్ల ప్యానెల్ మన ఎండలకి రోజుకి 400 వాట్-అవర్ల దాకా ఇస్తుంది. కాయ ఎండే చోట ఎండకి కొదవేముంది? ఇల్లు దగ్గరున్నోళ్లకి ఇంట్లో ప్లగ్గే మేలు. వారానికి రెండుసార్లు యార్డుకో, మార్కెట్‌కో బండి తోలేవాళ్లకి మాత్రం దారిలో ఎక్కే ఛార్జింగ్ కలిసొచ్చేదే.

పదిహేను వేలు, ముప్పై వేలు పెట్టి పెట్టె కొంటున్నాం. ఫ్యూజు, హోల్డరు కలిపి మూడు, నాలుగు వందలు. నేను మిగిల్చింది ఆ మూడు వందలే. దానికి ముప్పై టిక్కీలు పణంగా పెట్టాను. ఆ రాత్రి వాసన పట్టించుకోకుండా ఇంకో రెండు కిలోమీటర్లు పోయి ఉంటే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు.

రేపు పొద్దున బండి తీసేముందు ఒక్కసారి బానెట్ ఎత్తండి. బ్యాటరీ ప్లస్ నుంచి పోయే తీగలన్నీ చూడండి. హారన్‌కో, ఫోకస్ లైట్లకో, టేపుకో విడిగా లాగిన తీగ ఏదైనా ఫ్యూజు లేకుండా ఉంటే ముందు దాని సంగతి చూడండి. పెట్టె సంగతి తర్వాత.

ఉంటాను. అందరి కాయకీ మంచి రేటు రావాలి.